దుంపల వంతు

ఇనుప సామాన్ల కొట్టు మేడ మీద నుంచి

ఒరేయ్ అగ్గిపుల్లా,

నీ క్షేమం అడగను. నువ్వు ఎవరితోనో పోట్లాడుతున్నావంటే క్షేమం, ఊరుకున్నావంటే జ్వరం. మొన్నటి ఉత్తరంలో మీ ముద్రణాలయం మేనేజర్ని రెండు పేజీల పొడుగునా ఉతికి ఆరేశావు కాబట్టి ఒళ్లు బాగానే ఉందనుకుంటాను.

అసలు సంగతికి వస్తాను. మా అత్తగారి పళ్లసెట్టు ఇక పనికిరాదు. ఆవిడ "స" అంటే పైవరస కిందికి దిగుతోంది, "ష" అంటే బయటికే వస్తోంది. నన్ను తిట్టేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సి రావడం ఆవిడకి పెద్ద పరువు తక్కువ. ఈ ఊరి పళ్ల డాక్టరు చేతులెత్తేశాడు. అందుకని మీ బావగారు వాళ్లమ్మని నగరంలో పెద్ద పళ్ల ఆస్పత్రికి తీసుకొస్తున్నారు. ఒకరోజు కొలత, ఒకరోజు సరిచూడటం, ఒకరోజు బిగించడం. ఆవిడకి తోడు నేను, మా ఇద్దరి మీదా పెత్తనానికి ఆయన. వచ్చే నెల మొదట్లో. దిగడానికి మంచి హోటల్ చూడమని నీకు రాయమన్నారు.

ఇది ఆయన రాయమన్నది. ఇక్కణ్నించి నేను రాస్తున్నది. చదివి చించెయ్.

ఆ ఆస్పత్రి వెనకాల కట్టుడు పళ్లు తయారుచేసే పనిశాల ఉంది. పని నేర్చుకునేవాళ్లని తీసుకుంటున్నారని కొట్లో మేకులు పొట్లం కట్టే పేపరు ముక్కలో చూశాను. దరఖాస్తు పెట్టాను. పరీక్షకి రమ్మన్నారు. ఒక మైనం ముద్ద ఇస్తారు, దాన్ని చెక్కి దవడపన్ను చెయ్యాలి. నెగ్గితే ఆర్నెల్లు నేర్పిస్తారు, ఉండటానికి చోటిస్తారు, తర్వాత ఉద్యోగం. నాలుగేళ్లుగా మా అత్తగారి పళ్లసెట్టుని కొట్లోని అతి చిన్న ఆకురాయితో అరగదీసి ఆవిడ నోటికి సరిపెడుతున్నది నేనేనని నీకు తెలుసుగా. ఆవిడ చిగుళ్లు నాకు నా అరచేతి గీతల్లా తెలుసు. ఆ పని నాకొచ్చురా. ఇంట్లో ఎవరూ దాన్ని పని అనలేదు, అంతే తేడా.

పరీక్ష కూడా ఆ రోజుల్లోనే, పళ్లు బిగించే ముందురోజు పొద్దున. మీ బావకి చెప్పలేదు. ఒకసారి మాటవరసకి అంటే "మేకులమ్మే ఇంటి కోడలు పళ్లు చెక్కుతుందట!" అని గుమాస్తాల్ని పిలిచి మరీ నవ్వించారు. ఎంపిక కాయితం చేతికొచ్చాక చెబుతాను. కాయితం ఉంటే అది గొడవవుతుంది, గొడవలో నేను నెగ్గగలను. కాయితం లేకపోతే అది నవ్వులాట. నవ్వులాటలో నేనెప్పుడూ నెగ్గలేదు.

అందుకని హోటల్ ఆస్పత్రికి నడిచి వెళ్లేంత దగ్గరుండాలి. ఆ ఒక్క పూటా నేను ఎవరికీ కనపడకుండా జారుకునే వీలుండాలి. చిక్కేమిటంటే మీ బావకి ఆ చలువరాతి హోటలే కావాలి. వర్తక సంఘం అధ్యక్షుడు అందులో దిగి, తెచ్చుకున్న సబ్బుబిళ్ల ఇప్పటికీ వాళ్ల అద్దాల బీరువాలో ఉంది. అదేమో ఊరికి ఆ చివర. ఇక మా అత్తగారు, "హోటలంటే తినేది. పడుకునేది లాడ్జి. లాడ్జికి సంసారులు వెళ్తారా?" అని భీష్మించుకు కూర్చున్నారు.

నిప్పులు తర్వాత కురిపిద్దువుగాని, ముందు గది చూడు.

నీ అక్క


ముద్రణాలయం, మడతల బల్ల దగ్గర నుంచి

పూజ్యురాలైన అక్కకి,

పూజ్యురాలు అన్నది చెయ్యి అలవాటు కొద్దీ రాసింది. ఎవరూ ఎవరికీ పూజ్యులు కారన్న కరపత్రాలు నిన్ననే ఐదు కట్టలు మడతపెట్టాను.

నా సెలవురోజంతా నీ హోటళ్లకి తగలేశాను. ఒళ్లంతా కంపరంగా ఉంది.

ముందుగా మన మేకుల మహారాజావారు మనసుపడ్డ చలువరాతి హోటల్. గుమ్మం దగ్గర ఒక మనిషికి సేనాధిపతి వేషం వేసి నిలబెట్టారు. ఆయన యుద్ధమల్లా తలుపుతోనే. నా చెప్పులు చూసి ఆ తలుపు కాసేపు ఆలోచించింది. లోపల గది చూపించారు. మంచం మీద ఏడు దిండ్లు! రావణాసురుడికైనా మూడు తక్కువే గాని, మనిషికి ఎన్ని తలకాయలే అక్కా? స్నానాల గదిలో తువ్వాలుని పిట్టలా మడిచి పెట్టారు. "బాగుంది కదండీ?" అని ఆ చూపించినవాడు మురిసిపోయాడు. నేను మడతల మనిషిని. ఆ ముక్కు తిప్పడానికి బొటనవేలు ఎక్కడ నొక్కుకోవాలో, పొద్దస్తమానం నొక్కుకుంటే రాత్రికి ఆ వేలు ఎలా ఉంటుందో నాకు తెలుసు. "ఈ పిట్టని మడిచినామె పేరేమిటి?" అన్నాను. తెలీదన్నాడు. "ఆమెకి బొటనవేలు ఎలా ఉంది?" అన్నాను. సేనాధిపతిని పిలిచాడు.

రెండోది స్టేషన్ దగ్గర. "కుటుంబాలకు మాత్రమే" అని బోర్డు. కుటుంబమంటే ఏమిటో ఆ గుమాస్తాకి చాలా గట్టి అభిప్రాయాలున్నాయి. అక్క, బావ, ఆయన తల్లి అంటే "పెళ్లి ఫొటో తెమ్మనండి" అన్నాడు. వాళ్ల కరపత్రం మా దగ్గరే అచ్చయింది, నేనే మడిచాను: "ఉద్యానవనం కనిపించు గదులు." ఏదయ్యా ఉద్యానవనం అంటే గోడకి తగిలించిన కేలండర్ చూపించాడు.

మూడోది ఆస్పత్రికి కాస్త దగ్గర. "అచ్చం ఇంటి వాతావరణం" అని రాసుకున్నారు. వెళ్లేసరికి యజమాని అరుస్తున్నాడు, ఆయన భార్య వంటింట్లో ముక్కు చీదుతోంది, వాళ్ల ముసలాయన మూల కూర్చుని ఇద్దర్నీ తిడుతున్నాడు. మాట తప్పని హోటల్ అదొక్కటే చూశాను. నువ్వు డబ్బిచ్చి మరీ అందులో దిగడమెందుకు, ఉన్నచోటే ఉండు.

ఇక నేను చెప్పేది విను. ఆస్పత్రి వెనక వీధిలోనే మా సహకార బస ఉంది. మా ముద్రణాలయం పనివాళ్లం, బట్టల మిల్లువాళ్లం, ఇంకా కొందరం కలిసి నడుపుకుంటున్నది. యజమాని లేడు, సేనాధిపతి లేడు, పిట్టలు లేవు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. ప్రతి మంచానికీ ఒక నంబరు. దిగినవాళ్లెవరైనా సరే పనిలో ఒక వంతు చెయ్యాలి. ఏ మంచానికి ఏ పూట ఏ పనో వంటింటి గుమ్మం పక్క బోర్డు మీద ఉంటుంది. అక్కడ మంత్రి వచ్చినా గిన్నెలు తోమాల్సిందే. రాలేదనుకో, వస్తే.

నీ పరీక్ష పూట నీకు పని పడితే కంగారేం లేదు. సాయంత్రం సభలో లేచి కారణం చెప్పి మార్పించుకోవచ్చు. మాకన్నీ బహిరంగమే.

అసలు నువ్వు దాచడమేమిటే? కొట్టు మధ్యలో నిలబడి, "నేను పనిమంతురాలిని, వెళ్తున్నాను" అని గుమాస్తాలు వినేలా చెప్పు! భయంతో తెచ్చుకున్న స్వేచ్ఛ చెప్పులో రాయి లాంటిదని ఒక కరపత్రంలో ఉంది.

నీ తమ్ముడు


మేడ మీద నుంచి

ఒరేయ్,

నువ్వు మడతపెట్టే కరపత్రాల్లో పైకి కనపడే పేజీలే చదువుతావని నాకు ఎప్పట్నించో అనుమానం. లోపలి మడతలో "అయితే ఆ పూట అన్నం ఎవరు పెడతారు?" అని ఉండే ఉంటుంది, విప్పి చూడు.

కొట్టు మధ్యలో నిలబడి చెప్పాలట! నువ్వు మేనేజర్ మీద రెండు పేజీలు నాకు రాశావుగా, ఆయనకి రాశావా?

బస నాకు నచ్చింది. అత్తగారు కూడా సగం దిగారు. "బస" అన్నది మర్యాదైన మాటట. పైగా ఆడవాళ్ల వైపు వేరుగా ఉందంటే ఇంకాస్త దిగారు. మీ బావే మిగిలారు. "సహకారం గిహకారం అంటే ధర్మసత్రమా? సంఘంలో అడిగితే ఏం చెప్పుకోను?" అంటున్నారు. ఆయన పేర ఒక ఉత్తరం రాయి. నువ్వు మడిచే హోటల్ కరపత్రాల భాషలో రాయి. వంతుల సంగతి అసలు దాచావనిపించుకోకు, అలాగని అర్థమయ్యేలానూ రాయకు. నీకు అబద్ధాలు పడవుగా, నిజాలే రాయి. నిజాలతో మోసం చెయ్యడం మీ అచ్చాఫీసుకి తెలియని విద్య కాదు.

అక్క


మడతల బల్ల దగ్గర నుంచి

అక్కా, దీంతోపాటు ఉన్నది ఆయనకి చూపించు. ఒక్క అబద్ధం లేదు. అయినా రాశాక సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

పూజ్యులైన బావగారికి నమస్కారములు.

తమ హోదాకు తగిన బస కోసం నగరమంతా గాలించాను. చలువరాతి హోటల్ ఇప్పుడు మునుపటిలా లేదు. డబ్బు పారేస్తే ఎవరికైనా గది ఇచ్చేస్తున్నారు. తమబోటివారికి అది ఏం గొప్ప?

నేను సూచించే బసలో డబ్బుంది కదా అని ఎవరినీ రానివ్వరు. సభ్యుల సిఫార్సు తప్పనిసరి. అదృష్టవశాత్తూ నేనొక సభ్యుణ్ని. ఆస్పత్రి వెనకే కావడం వల్ల అత్తయ్యగారికి ప్రయాణపు అలసట ఉండదు. స్త్రీలకు పూర్తిగా ప్రత్యేకమైన భాగం. ప్రతి అతిథికీ సొంత సంఖ్య కేటాయించి, ఆ సంఖ్యతోనే గౌరవంగా పిలుస్తారు. బస నిర్వహణలో అతిథులకు ప్రత్యక్ష పాత్ర ఉండటం మరే హోటల్‌లోనూ లేని విశేషం. తమవంటి అనుభవజ్ఞులకు మొదటిరోజే బాధ్యతలు అప్పగించే అవకాశం ఉంది. సాయంత్రం సభలో తమ అభిప్రాయం కూడా అడుగుతారు.

ఇక్కడ దిగినట్టు తమ సంఘంలో మరెవరూ చెప్పుకోలేరని హామీ ఇస్తున్నాను.

తమ విధేయుడైన
బావమరిది


మేడ మీద నుంచి

ఒరేయ్ అగ్గిపుల్లా,

మేం క్షేమంగా ఇల్లు చేరాం. నువ్వు స్టేషన్‌కి వచ్చినప్పుడు పక్కన వీళ్లున్నారని ఏమీ చెప్పలేకపోయాను. కడుపు ఉబ్బిపోయి ఉంది, ఇప్పుడు కక్కేస్తున్నాను.

ముందు మీ బావ సంగతి. మొదటిరోజు "బాధ్యతలు అప్పగిస్తారట" అని ఇస్త్రీ చొక్కా వేసుకుని కిందికి దిగారా, చేతికి చీపురిచ్చారు. మూడంతస్తుల మెట్లు. పక్క మంచం మిల్లు కార్మికుడి చేతిలో నోటు పెట్టి "నువ్వు కానియ్యవోయ్" అన్నారట. ఆయన నోటు వెనక్కిచ్చి "మీరు పై నుంచి కిందికి ఊడవాలండీ, కింది నుంచి పైకి కాదు" అని నేర్పాడట. ఇంటికొచ్చాక కొట్లో ఏమంటున్నారో తెలుసా? "ఆ బసలో పెద్దపెద్దవాళ్లంతా పొద్దున్నే వ్యాయామానికి చీపురు పడతారు!" సంఘం అధ్యక్షుడు ముఖం మాడ్చుకుని వెళ్లాడు. సబ్బుబిళ్లకి కాలం చెల్లింది.

ఇప్పుడు నా సంగతి. దిగిన రోజే బోర్డు చూశాను. నాకిచ్చింది పద్నాలుగో మంచం, కిటికీ పక్కది. సరిగ్గా నా పరీక్ష పూటే పద్నాలుగో మంచానికి దుంపల వంతు! బసంతటికీ సరిపడా బంగాళాదుంపలు చెక్కు తీయాలి. సభలో లేచి కారణం చెప్పమన్నావు. సభలో ముందు వరసలో కూర్చున్నది ఎవరు? మా అత్తగారు. అందుకని గదిలోకి వెళ్లి, "అత్తయ్యా, మీకు ఉక్కపోస్తే నిద్రపట్టదు, కిటికీ మంచం మీరు తీసుకోండి" అన్నాను. "ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది" అని ఎక్కి పడుకున్నారు. మంచంతోపాటు నంబరు వెళ్లింది, నంబరుతోపాటు దుంపలు వెళ్లాయి. నాకొచ్చిన ఆవిడ మంచానికి వంతు వేరే పూట. ఆ పొద్దున ఆవిడ వంటింట్లో, ఈయన మళ్లీ మెట్ల మీద. నేను చెప్పులు చేత్తో పట్టుకుని వెనక వాకిట్లోంచి ఆస్పత్రికి.

మైనం అరచేతి వేడికే మెత్తబడిపోతుందిరా. మిగిలినవాళ్లు గట్టిగా పట్టుకుని ఆకారం చెడగొట్టుకున్నారు. నేను చన్నీళ్లలో వేళ్లు ముంచి ముంచి చెక్కాను. పరీక్ష పెట్టినాయన నా పన్ను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి అటూ ఇటూ తిప్పాడు. "ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు. "మా అత్తగారి నోట్లో" అన్నాను. ఆయన నవ్వలేదు. తలూపి రాసుకున్నాడు. ఫలితం పోస్టులో వస్తుందట. పోస్టుమాన్ సైకిల్ గంట వినపడితే చాలు, చేతిలో గరిటెతోనే మెట్లు దిగుతున్నాను.

ఆ బస చూసిపెట్టినందుకు నీకు వెయ్యి దణ్నాలు.

అక్క


మడతల బల్ల దగ్గర నుంచి

అక్కా,

నీ దణ్నాలు నాకొద్దు. వాటిని చూస్తే అసహ్యంగా ఉంది.

నువ్వు చేసిందేమిటో తెలుసా? దోపిడీ. ఆ చలువరాతి హోటల్‌వాడు చేసేది అదే, మూడో హోటల్‌వాడు వాళ్లావిడకి చేసేది అదే, మీ ఇంట్లో నీకు జరిగిందీ అదే. నీ వంతు ఇంకొకరి నెత్తిన, ఆ మనిషికి తెలియకుండా, పైగా మర్యాద చేసినట్టు నటిస్తూ రుద్దావు. అదీ ఎక్కడ? మేం మేనేజర్ల ముక్కు కిందే ఇటుక ఇటుకా పేర్చుకున్న చోట! వంతు మంచానికెందుకు పెట్టాం? మనుషుల ముఖం, కులం, సొమ్ము చూడకూడదని. ఆ నియమంలోనే కన్నం వేసి దూరావు. దొంగలు కూడా దేవుడి గుడిని మాత్రం వదిలేస్తారు.

ఆవిడ మంచిదా చెడ్డదా అన్నది ప్రశ్న కాదు. అరవై దాటిన మనిషి ఒక బుట్టెడు దుంపలు నీ బదులు చెక్కు తీసింది. ఆవిడకి నిజం తెలియాలి. నువ్వే చెప్పు. చెబుతానని మాట రాసి పంపు. నీ జవాబు వచ్చేదాకా ఆగుతాను. ఆ తర్వాత నేను ఆగను.

తమ్ముడు


మడతల బల్ల దగ్గర నుంచి, అదే రోజు సాయంత్రం

గౌరవనీయులైన అత్తయ్యగారికి,

ఈ ఉత్తరం మీ పేరు మీదే, ప్రత్యేకంగా పంపిస్తున్నాను. మధ్యాహ్నం మా అక్కకి ఒక ఉత్తరం వేశాను. ఆమె జవాబు దాకా ఆగుతానన్నాను గాని, అన్యాయం తెలిసి ఆగడం కూడా అన్యాయమేనని పెట్టెలో వేసి వస్తుంటే దారిలో అనిపించింది.

సహకార బసలో మీరు చేసిన దుంపల పని మీది కాదు. అది మా అక్క వంతు. ఆ పూట ఆస్పత్రి వెనక పళ్ల పనిశాలలో ఉద్యోగానికి పరీక్ష రాయడానికి, సారీ, చెక్కడానికి వెళ్లాలని మీకు కిటికీ మంచం ఇచ్చింది. బావగారికీ తెలియదు. మీ శ్రమ మీ అనుమతి లేకుండా వాడుకోబడింది. సభ్యుడిగా నేను సిగ్గుపడుతున్నాను. మీరు కోరితే బస కమిటీ చేత క్షమాపణ చెప్పిస్తాను, ఆ పనిని మీ పేరు మీద నుంచి కొట్టేయించి అక్క ఖాతాలో బాకీగా రాయిస్తాను.

సమానత్వంతో,
మీ కోడలి తమ్ముడు


మేడ మీద నుంచి

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. పొయ్యి దగ్గర నిలబడే చదివాను. కూర్చుని చదివే తీరిక మీ కరపత్రాల్లోవాళ్లకి ఉంటుంది.

దోపిడీ అన్న మాట నీకు అచ్చాఫీసులో దొరికింది. నాకు కూరగాయల బుట్టలో దొరికింది. నాలుగేళ్లుగా ఆవిడ తినే ప్రతి ముక్కా నేను తరిగిందే. పళ్లు లేవు కదా అని ఇంకా సన్నగా, ఇంకా మెత్తగా. నాకు ఏ బోర్డు మీదా నంబరు లేదు. నా వంతు ఎప్పుడు అయిపోతుందో ఎవరూ రాయలేదు. ఏ సభలో లేవమంటావురా? మా ఇంట్లో సభ అంటే మీ బావ భోంచేస్తూ మాట్లాడటం, నేను వడ్డిస్తూ వినడం. నాలుగేళ్లకి ఒక్క పూట, ఒక్క బుట్ట! దానికి దేవుడి గుడి, దొంగలు, కన్నం. నీ నోరు పడ!

అయినా ఆవిడకి అన్యాయమే జరిగింది. కాదనను. నాకు ఆవిడ మీద జాలి లేదని మాత్రం అనుకోకు. ఆ పొద్దున వెనక వాకిట్లోంచి వెళ్తూ వంటింటి కిటికీలోంచి చూశాను. తల వంచుకుని చెక్కు తీస్తున్నారు. ఒక్క క్షణం కాలు ఆగింది. ఆగిన కాలుని తిట్టుకుని వెళ్లిపోయాను. నీలాగా నాకు న్యాయమూ అన్యాయమూ తేలిగ్గా తేలవు.

చెబుతాను. కాయితం రానీ, ఆ రోజే, ఇద్దరికీ కలిపి చెబుతాను. ఇంకా రాలేదు. ఇప్పుడు ఆవిడకి తెలిస్తే సాయంత్రానికి ఆయనకి తెలుస్తుంది, రేపు పొద్దున్నే ఆయన ఆస్పత్రికి "మా ఇంటి ఆడవాళ్లు ఉద్యోగాలకి రారు" అని రాసి పడేస్తారు. అక్కడితో సరి. మైనం ముద్ద మైనం ముద్దే.

నేనెప్పుడూ నిన్నేదీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆవిడకి రాయకు. మీ మేనేజర్ని తిట్టుకో, బావని తిట్టుకో, నన్ను ఊరంతా పోస్టర్లు వేసి తిట్టుకో. ఆవిడకి మాత్రం రాయకురా.

అక్క


కొట్టు మేడ, కింది గది నుంచి

చిరంజీవి అగ్గిపుల్లకి,

మీ అక్క నిన్నలా పిలుస్తుందని తెలుసు. ఒకే కప్పు కింద నాలుగేళ్లున్నాక ఆ మాత్రం తెలియదా?

నీ ఉత్తరం వచ్చింది. కొత్త పళ్లు గట్టిగా పట్టాయి కాబట్టి దాన్ని బిగ్గరగానే చదువుకున్నాను. రెండుసార్లు. మొదటిసారి కోపం మీ అక్క మీద వచ్చింది. రెండోసారి నీ మీద వచ్చింది, అది ఇంకా తగ్గలేదు.

ఏమిటీ, ఆ పని నాది కాదా? ఎవడ్రా చెప్పింది నీకు? పొద్దున్నే ఆ బస వంటింటిని నడిపే వంటపెద్ద గుమ్మంలో నిలబడి "పద్నాలుగో మంచం!" అని పిలిచింది. పడుకున్నది నేను. లేచింది నేను. కత్తి పట్టింది నేను. నాతోపాటు ఇంకో నలుగురు కూర్చున్నారు, అందులో ఒకత్తె డాక్టరట, దుంప సగం తొక్కలోనే పారేస్తోంది. వంటపెద్ద వచ్చి చూసి, "పద్నాలుగో మంచం చెక్కు ఎంత పలచగా తీస్తోందో చూడండి, నేర్చుకోండి" అంది. అందరి ముందూ అంది. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టి నలభై ఏళ్లు దాటింది, చెక్కు గురించి ఒక్కళ్లూ మాట్లాడలేదు.

ఇంకో సంగతి చెబుతాను, అది నీ కరపత్రాల్లో ఉందో లేదో. బుట్ట ఖాళీ అయ్యాక వంటపెద్ద "మీది అయిపోయింది, వెళ్లండి" అంది. చేతులు కడుక్కుని బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. అయిపోయింది! పని అయిపోవడమన్నది నేను నా జన్మలో మొదటిసారి చూశాను. కోడలొచ్చాక పని మానేశాను గాని, నా పని ఎప్పుడూ అవలేదు. మానేయడం వేరు, అవడం వేరు. చాలాసేపు అక్కడే కూర్చుని వీధి చూశాను. ఊరికే చూశాను.

దాన్ని తీసుకెళ్లి మీ అక్క ఖాతాలో రాయిస్తావా? నీ దుంప తెగ! నా మంచం, నా నంబరు, నా బుట్ట. కొట్టేయించావో, రైలెక్కి వచ్చి మీ కమిటీ చెవులు మెలేస్తాను.

మీ అక్క నాకు చేసింది మోసమే. నీ ఉత్తరం చూపించి అడిగాను. తల దించుకోలేదు. "అవునత్తయ్యా, కాయితం రాగానే చెబుదామనుకున్నా" అంది. చెంప మీద కొట్టాలనిపించింది. అంతలో, తనని తిట్టడానికి నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం లేదని గుర్తొచ్చింది. ఆస్పత్రివాళ్లు చేసిచ్చినవి ఎడమవైపు కరుస్తుంటే, ఇంటికొచ్చాక అరగదీసింది ఇదే. తిట్టాననుకో, అరగంటసేపు, హాయిగా. అది మా ఇద్దరి లెక్క, నువ్వు తల దూర్చకు.

మూడ్రోజుల కిందట కాయితం వచ్చింది. తీసుకున్నారు. నా కొడుకు మామూలుగా గుమాస్తాల్ని పిలవబోయాడు, నవ్వించడానికి. "ఒరే, పళ్లు చెయ్యడం నవ్వులాట పనైతే ఇవిగో తీసి ఇచ్చేస్తాను. ఈ పూట నుంచి నా అన్నం నువ్వు నమిలిపెట్టు" అన్నాను. గుమాస్తాలు గుమ్మంలోనే ఆగిపోయారు. వాడు నా నోటి వంక చూశాడు, వాళ్లావిడ వంక చూశాడు, "ఇంట్లో వంటో?" అన్నాడు. "మెట్లు పై నుంచి కిందికి ఊడవడం నేర్చుకున్నావుగా, ఇదీ నేర్చుకో" అన్నాను. రెండ్రోజులు అలిగాడు. అలక తిండి దగ్గర తీరుతుంది, ఆ తిండి ఇప్పుడు వాడే చూసుకోవాలి.

మీ అక్కని దింపడానికి నేనే వస్తాను. దాన్ని దగ్గరుండి సాగనంపుతున్నానని మురిసిపోకు. మోసం చేసిన ముఖాన్ని రోజూ ఎదురుగా చూడలేక పంపిస్తున్నాను, అలాగే చెప్పుకో. నేను ఒక వారం ఆ బసలో ఉంటాను. సిఫార్సు కావాలట కదా, నీది నాకక్కర్లేదు, వంటపెద్దకి నేనే రాశాను. ఈసారి బోర్డు ముందు నేను చూస్తాను, మంచం తర్వాత ఎక్కుతాను.

ఇక, కింద "సమానత్వంతో" అని సంతకం చేశావు. వంతు దగ్గర సమానమే, ఒప్పుకున్నాను. వయసు దగ్గర కాదు. అందుకని ఇది నమస్కారం కాదురా, దీవెన.

పద్నాలుగో మంచం